పైరు పెట్టకముందే పంచాయతీ: మెట్ట ఊళ్లలో నీళ్లు కలిసి పంచుకునే విధానం

మంచి వానలు పడిన ఏడాది ఆగస్టులో విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీద కాసేపు నిలబడండి. గేట్ల కింద నుంచి కృష్ణ సముద్రం వైపు ఉరికే హోరులో పక్క మనిషి మాట కూడా వినపడదు. అదే రోజు సాయంత్రానికి గుంటూరు, నరసరావుపేట దాటి వినుకొండ మీదుగా బొల్లాపల్లి వైపు వెళ్లి చూడండి. అక్కడ బోరు బండి చుట్టూ పది మంది మూగి, పైకి లేచే తెల్ల దుమ్ములో తడి కోసం వెతుకుతూ ఉంటారు.

నేను గుంటూరులో ఉంటున్నా, మా పొలం నాగార్జున సాగర్ కుడి కాలువ నుంచి చీలిన ఒక మేజరు (పెద్ద పిల్ల కాలువ) చివర ఉంది. మా తూము కింది రైతులం నీటి పంపకం మీద మొదటిసారి కూర్చున్నది ఒక జనవరిలో, అదీ గొడవ జరిగిన మర్నాడు. అప్పటికి మిర్చి చెట్ల మీద రెండో కోతకు కాయ ఉంది. ఎండుతున్న చేను ముందు నిలబడి "నీ వంతు అయిపోయింది" అని ఎవరు చెప్పగలరు? చెప్పలేకపోయాము. పైవాళ్లు కట్టేశారు, కిందివాళ్లు తెంపారు, చివరి ఇరవై ఎకరాలు ఎండిపోయాయి.

ఆ ఏడాది తెలిసింది ఇదే: ఒప్పందం పంట మీద చేసుకోవాలి, నీటి మీద కాదు. నారు పోసేలోపు తేల్చుకున్నదే నిలుస్తుంది. కింది పద్ధతి అంతా ఆ ఒక్క మాట చుట్టూ అల్లుకున్నదే.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న లెక్క

సాగర్ కుడి కాలువకు (కాగితాల్లో జవహర్ కాలువ) కేటాయించినది 132 టీఎంసీలు. దాని కింద ఆయకట్టు 11 లక్షల ఎకరాల పైమాట. ఒక టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. భాగించి చూస్తే ఎకరానికి వచ్చేది 34 లక్షల లీటర్లు, అంటే పొలం మీద 84 సెంటీమీటర్ల మందాన నిలిచే నీళ్లు. అదీ డ్యామ్ దగ్గర. కాలువల్లో ఇంకిపోయేది, ఆవిరయ్యేది ఇందులోంచే పోవాలి. వరికి పైరు కాలమంతా కలిపి 120 సెంటీమీటర్ల దాకా పడుతుంది. వాన ఆదుకునేది కొంతే. నిండు ఏడాదిలోనే లెక్క ఇలా ఉంది. అందరూ వరి వేస్తే చివరి భూములకు నీళ్లు రావడం లేదని అధికారులను తిట్టుకోవచ్చు గానీ, గణితాన్ని తిట్టి లాభం లేదు.

2023లో డ్యామ్ నిండలేదు. ఆ నవంబరు 30న కుడి కాలువకు నీళ్లు వదిలే విషయంలో రెండు రాష్ట్రాల పోలీసులు సాగర్ డ్యామ్ మీద ఎదురెదురుగా నిలబడ్డారు. మా తూము దగ్గర అర్ధరాత్రి జరిగేదీ అదే, యూనిఫారాలు ఉండవంతే.

మొదటి అడుగు: ఎవరెవరు కూర్చోవాలి

ఊరిని లెక్కలోకి తీసుకోకండి, నీటిని తీసుకోండి. కాలువ కింద అయితే ఒక తూముకు కట్టుబడిన పొలాలన్నీ ఒక జట్టు, అవి మూడు ఊళ్ల రైతులవైనా సరే. బోర్ల కింద అయితే ఒకే వాగుకు వాలే పొలాలు ఒక జట్టు. పక్కపక్కన ఉన్న బోర్లు ఒకే తొట్టిలో పెట్టిన స్ట్రాల వంటివి. గట్టు ఎవరిదైనా నీళ్లు ఒకటే. యాభై నుంచి ఎనభై కుటుంబాలు దాటితే రెండు జట్లుగా విడదీయడం మంచిది, అంతకు మించితే ఎవరి ముఖం ఎవరికీ గుర్తుండదు.

సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగించిన 1997 చట్టంతో ఉమ్మడి రాష్ట్రమంతటా పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. వాటి పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ప్రాజెక్టు కమిటీలు. మీ దగ్గర ఆ సంఘం బతికి ఉంటే దాని కిందే పని మొదలుపెట్టండి. పేరుకే ఉంటే దాన్ని బాగుచేసే పనికి దిగకండి, ఆ రాజకీయంలో కాలం అయిపోతుంది. తూము స్థాయి జట్టుకు ఎన్నికలూ అక్కరలేదు, అధ్యక్షుడూ అక్కరలేదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. గుంటూరు, పల్నాడుల్లో మిర్చి వేసేవారిలో చాలామంది కౌలు రైతులు. పొలం యజమాని గుంటూరులోనో విజయవాడలోనో హైదరాబాదులోనో ఉంటాడు. సమావేశానికి పిలిస్తే యజమాని ఫోనులోనే "అలాగే కానివ్వండి" అంటాడు. కౌలు రైతు మాత్రం మిర్చి ధరకు తగ్గ కౌలు ఒప్పుకుని, సగం ముందే కట్టి ఉంటాడు. అతన్ని శనగ వేయమంటే కౌలు ఎక్కడి నుంచి తెస్తాడు? మా రెండో ఏడాది ఒప్పందం పగిలింది ఇక్కడే. మూడో ఏడాది నుంచి ఉగాదికి, అంటే కౌళ్లు మాట్లాడుకునే కాలానికే, యజమానులతో ఒక షరతు రాయించుకుంటున్నాము: నీటి లెక్క ప్రకారం ఆరుతడి పంటకు (నీళ్లు నిలవక్కరలేకుండా అప్పుడప్పుడు తడిపితే చాలేదానికి) మారవలసి వస్తే కౌలు ఆ పంటకు తగ్గట్టు తగ్గాలి. అందరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవారి పొలాలే ముందు వంతులోకి వస్తాయని తేల్చాక ఇంకొందరు దిగివచ్చారు. ఈ ఒక్క పని చేయకుండా మిగతావన్నీ చేసినా ఫలితం ఉండదని నా గట్టి నమ్మకం.

పొలం లేనివారిని, మంచినీళ్లు మోసే ఆడవాళ్లను పిలవడం మర్యాద కోసం కాదు. పశువులకు, తాగడానికి ఎంత కావాలో సరిగ్గా చెప్పగలిగేది వాళ్లే. మహారాష్ట్రలో 1972 కరవు తర్వాత విలాసరావు సాళుంఖే నడిపిన పానీ పంచాయతీలో నీటి వాటా పొలాన్ని బట్టి కాక ఇంట్లోని మనుషులను బట్టి, తలకు అర ఎకరానికి సరిపడా, కుటుంబానికి రెండున్నర ఎకరాలు మించకుండా ఇచ్చారు. పొలం లేనివారికీ వాటా ఉండేది. మన దగ్గర అంత దూరం వెళ్లడం కష్టం. కానీ చర్చ అక్కడి నుంచి మొదలుపెడితే పెద్ద రైతు బేరం కాస్త కిందికి దిగుతుంది.

రెండో అడుగు: కొలవడం

మాటలతో మొదలైన పంచాయతీ మాటలతోనే తెగిపోతుంది. ముందు కొలత. దానికి ఇంజనీరు అక్కరలేదు.

వాన: ఒక వానమాపకం కొని బడి ఆవరణలో పెట్టండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసి రాసే పని తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పగించండి. పెద్దలు మరిచిపోతారు, పిల్లలు మరిచిపోరు. ఒక మిల్లీమీటరు వాన ఎకరం మీద పడితే నాలుగు వేల లీటర్ల పైచిలుకు.

బోరు నీటిమట్టం: పొడవాటి టేపు చివర బోర్లించిన చిన్న గిన్నె కట్టి వదిలితే, నీటిని తాకగానే "టప్" మని చప్పుడు వస్తుంది. మోటారు ఆపి కొన్ని గంటలు గడిచాకే కొలవాలి, లేకపోతే తప్పుడు లోతు చూపిస్తుంది. మే చివర ఒకసారి, నవంబరులో ఒకసారి తప్పనిసరి. నెలనెలా కొలిస్తే ఇంకా మంచిది. జట్టులో ఆరేడు బోర్లు ఎంచుకుని ఎప్పుడూ వాటినే కొలవండి.

బోరు ధార: రెండు వందల లీటర్ల డ్రమ్ము, ఫోనులో స్టాప్‌వాచ్. డ్రమ్ము నలభై సెకన్లలో నిండితే సెకనుకు ఐదు లీటర్లు, గంటకు 18 వేలు. మా జట్టులో "నా బోరు రెండున్నర అంగుళాలు పోస్తుంది" అని పదేళ్లుగా చెప్పుకుంటున్న పెద్దాయన డ్రమ్ము నిండడానికి పట్టిన సమయం చూసి ఆ రోజు మజ్జిగ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

బోదె (తూము నుంచి పొలాలకు నీళ్లు తెచ్చే చిన్న కాలువ) ప్రవాహం: తిన్నగా ఉన్న చోట పది మీటర్లు గుర్తు పెట్టి, ఎండిన కొబ్బరి పీచు ముక్క వదిలి ఎన్ని సెకన్లలో దాటుతుందో చూడండి. వెడల్పును లోతుతో హెచ్చించి, దాన్ని వేగంతో హెచ్చించి, పై నీరు అడుగు నీటి కన్నా వేగంగా పోతుంది గనుక 0.85తో గుణించండి. మీటర్లలో కొలిస్తే వచ్చేది సెకనుకు ఘనపు మీటర్లు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. తూము దగ్గరా, బోదె చివరా రెండు చోట్ల కొలిస్తే మధ్యలో ఎంత మాయమవుతోందో తెలుస్తుంది. సగం తగాదాలకు కారణం పైవాడి దొంగతనం కాదనీ, తుమ్మ చెట్లు మొలిచి తూట్లు పడిన బోదెలేననీ అప్పుడు బయటపడుతుంది.

మూడో అడుగు: లెక్కను గోడ మీదికి ఎక్కించడం

2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరవు జిల్లాల రైతులు, మన పక్కనున్న ప్రకాశం సహా, భూగర్భ జలాల లెక్క తామే కట్టారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఎంత ఇంకింది, ఏ పంటకు ఎంత కావాలి అని బహిరంగంగా రాసుకునేవారు. ఎవరినీ ఏ పంటా మానమని శాసించలేదు. లెక్క చూసి వాళ్లంతట వాళ్లే మారారు. నాకు తెలిసినంతలో మన నేలకు ఇంతకన్నా సరిపడే పద్ధతి లేదు, ఎందుకంటే గట్టి రాతి నేలలో బోరు నీళ్లు చాలావరకు ఏ ఏడుకు ఆ ఏడు సంపాదనే, దాచుకోవడానికి లోపల పెద్ద గాదె లేదు.

ఊహకు ఒక ఊరు తీసుకుని లెక్క కడదాం. వాగు పరీవాహకం 1,500 ఎకరాలు. వాన 700 మిల్లీమీటర్లు. రాతి నేలల్లో ఇంకేది సుమారు పదో వంతు, అంటే 70 మిల్లీమీటర్లు. మొత్తం 42.5 కోట్ల లీటర్లు. 2,500 మంది జనానికి తలకు రోజుకు 55 లీటర్ల చొప్పున ఏడాదికి 5 కోట్లు. 600 పశువులకు తలకు 50 లీటర్ల చొప్పున 1.1 కోట్లు. వాగులోకి ఊటగా పోయేదానికి, వచ్చే ఏడాది వాన ఆలస్యమైతే ఉండడానికి 6.4 కోట్లు పక్కన పెట్టండి. పంటలకు మిగిలేది 30 కోట్ల లీటర్లు.

ఆ 30 కోట్లతో వరి అయితే ఎకరానికి 48 లక్షల చొప్పున 62 ఎకరాలు పండుతాయి. మిర్చికి వాన పోను బోరు నుంచి 40 సెంటీమీటర్లు అనుకుంటే ఎకరానికి 16 లక్షలు, అంటే 187 ఎకరాలు. శనగకు ఐదేసి సెంటీమీటర్ల రెండు తడులు చాలనుకుంటే 750 ఎకరాలు. ఈ మూడు అంకెలూ రామాలయం గోడ మీద సున్నం కొట్టి పెద్ద అక్షరాలతో రాయించండి. ఉపన్యాసం అక్కరలేదు. రోజూ ఆ గోడ పక్కన కూర్చునేవాళ్లే చర్చ నడిపిస్తారు.

నాలుగో అడుగు: పంట ఒప్పందం

రెండు సార్లు కూర్చోవాలి. మొదటిది ఏరువాక పున్నమి నాటికి, అంటే మిర్చి విత్తనాల ప్యాకెట్లు కొనకముందు. విత్తనానికి డబ్బు పెట్టిన రైతు మనసు అప్పుడే పొలంలో నాటుకుంటుంది, ఇక మారదు. సాగర్‌లో మట్టం ఎంత ఉందో ఆ రోజు చూసుకోండి. నిండు మట్టం 590 అడుగులు, 510 కి దిగితే సాగుకు తీసుకునేది ఇక దాదాపు లేనట్టే. ఎగువన శ్రీశైలానికి వరద మొదలవని జూన్‌లో ఏదీ ఖాయం కాదు. కాబట్టి రెండు జాబితాలు రాయండి: ఆగస్టు పదిహేనుకు నీళ్లొస్తే ఎవరు ఏమి వేస్తారు, రాకపోతే ఏమి వేస్తారు.

రెండోసారి దసరాకు. అప్పటికి వాన తెలిసిపోయింది, డ్యామ్ తెలిసిపోయింది, రెండో పంట నిర్ణయం అప్పుడే.

మిర్చిని పూర్తిగా మానమనకండి. గుంటూరు యార్డు పిలుపు ముందు ఏ ఒప్పందమూ ఆగదు. ఇంటికి ఇంత అని పరిమితి పెట్టండి. మేము ఎకరన్నరతో మొదలుపెట్టాము. మిగిలిన నేలలో జొన్న, కంది, శనగ. ఐదెకరాల మిర్చి వేద్దామనుకున్నవాడు మూతి ముడుస్తాడు. ఐదెకరాలూ సగం ఎండడం కన్నా ఎకరన్నర నిండుగా కాయడంలో ఎంత మిగులుతుందో నిరుటి సొంత ఖర్చుల పుస్తకం తీయించి అతని చేతే లెక్క కట్టించండి.

డ్రిప్ గురించి ఒక మాట. డ్రిప్ వేస్తే నీళ్లు మిగులుతాయి, నిజమే. మిగిలిన నీళ్లతో ఇంకో రెండెకరాలు వేస్తే బోరుకు మిగిలింది సున్నా. అందుకే డ్రిప్ పెట్టినవారికి కూడా ఎకరాల పరిమితి మారదని ముందే రాసుకోవాలి.

ఐదో అడుగు: వంతులు

తూము దగ్గర ఒక క్యూసెక్కు వస్తోందనుకోండి. కింద 80 ఎకరాలు. వారానికి 168 గంటలు. ఎండిన బోదె నిండి నీళ్లు చివరికి చేరడానికి 8 గంటలు తీసేయండి. మిగిలిన 160 గంటలను 80 ఎకరాలతో భాగిస్తే ఎకరానికి రెండు గంటలు. రెండు గంటల్లో ఒక క్యూసెక్కు ఇచ్చేది రెండు లక్షల లీటర్ల పైచిలుకు, ఎకరం మీద ఐదు సెంటీమీటర్లు, అంటే సరిగ్గా ఒక ఆరుతడి. వారానికి ఒక తడి ఖాయం అనగానే మా జట్టులో చాలా నోళ్లు మూతపడ్డాయి. వరికి అది చాలదని కూడా అదే అంకె చెప్పేసింది.

వంతు చివరి పొలం నుంచి మొదలవ్వాలి. పైనుంచి మొదలుపెడితే ప్రవాహం తగ్గిన వారం నష్టమంతా ఎప్పుడూ ఒకరిదే. కింది నుంచి పైకి వస్తే ఆ తగ్గుదల పైవాళ్ల మీద పడుతుంది; వాళ్లు తూముకు దగ్గరివాళ్లు గనుక నీళ్లు తగ్గిన సంగతి పైన మాట్లాడి సరిచేయించే బాధ్యత కూడా వాళ్లే నెత్తిన వేసుకుంటారు. రాత్రి వంతులు ఒకరికే పడకుండా వారానికి పన్నెండు గంటలు జరపండి. పాములు తిరిగే గట్ల మీద ఒంటరిగా ఎవరినీ పంపకండి. ఒంటరి ఆడవాళ్ల పొలాలకు పగటి వంతే ఇవ్వాలన్నది మా జట్టు నియమం, దానిపై ఇంతవరకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

కాలువ మీద ఆయిల్ ఇంజిన్ పెట్టి తోడే సంగతి ముందే తేల్చుకోండి. మా దగ్గర తాగునీటి చెరువు నిండేదాకా ఒక్క ఇంజినూ కాలువలోకి దిగదు.

ఆరో అడుగు: బోర్లను కలపడం

ఇది అన్నిటికన్నా కష్టం. కాలువ నీరు ప్రభుత్వానిదని అందరూ ఒప్పుకుంటారు. బోరు నీరు మాత్రం నా అప్పుతో వేసిన నా బోరుది. ఇక్కడ న్యాయం మాట్లాడకండి, బీమా మాట్లాడండి. పది మందికి పది బోర్లు. ఏటా వాటిలో రెండు మూడు ఎండుతాయి. ఏవి ఎండుతాయో ఎవరికీ తెలియదు. అన్నింటినీ పైపులతో కలిపి, బోరు లేని పక్క పొలాలకు కూడా ఎండు కాలంలో ప్రాణం నిలిపే ఒకటి రెండు తడులు ఇస్తే, రేపు మీ బోరు ఎండినప్పుడు మీ చేను బతుకుతుంది. అనంతపురం జిల్లాలో కొన్ని ఊళ్లు ఇదే దారిన వెళ్లాయి: బోర్లు కలుపుకున్నారు, కొత్త బోర్లు వేయబోమని కాగితం రాసుకున్నారు.

ఆ కాగితంలో మూడు మాటలు ఉండాలి: కొన్నేళ్లపాటు కొత్త బోరు లేదు, బోరు కింద వరి లేదు, ఆటో స్టార్టర్ లేదు. చివరిది చిన్న డబ్బాయే. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారే లేస్తాయి, అవసరం ఉన్నా లేకపోయినా నీళ్లు పారుతూనే ఉంటాయి. అదొక్కటి తీసేస్తే మోటారు వేయాలన్న రైతు పొలానికి వెళ్లాలి, వెళ్తే నేల తడి కళ్లారా చూస్తాడు.

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఊరుమ్మడి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి తవ్వకూడదంటుంది. బోర్లు నమోదు చేయించాలని కూడా ఉంది. చట్టం పేరు చెప్పి పక్కింటివాడి మీద ఫిర్యాదు చేస్తే జట్టు విరిగిపోతుంది. బయటి ఊరివాడు వచ్చి పక్కనే బోరు బండి దింపినప్పుడు మాత్రం ఆ చట్టం గుర్తుంచుకోండి. మహారాష్ట్రలోని హివరే బజార్‌లో సాగుకు బోర్లు వేయకూడదన్న కట్టుబాటు చట్టంతో కాక గ్రామసభ మాటతోనే నిలబడింది.

ఏడో అడుగు: కాపలా, జరిమానా

పూర్వం చెరువుల కింద నీరుగట్టు ఉండేవాడు. పొలానికి నీళ్లు పెట్టేది అతనే, రైతు తూము ముట్టుకునేవాడు కాదు. కళ్లం దగ్గర గింజల్లో అతని వాటా పోసేవారు. ఆ పద్ధతిని తిరిగి తెచ్చుకోండి. మనిషిని జట్టే పెట్టుకోవాలి, జీతం జట్టే ఇవ్వాలి, అతనికి ఆ తూము కింద సొంత పొలం ఉండకూడదు. మా నీరుగట్టు జీతంలో కొంత భాగం చివరి పొలాలకు నీళ్లు అందితేనే ఇస్తాము. ఇంతకు మించిన పర్యవేక్షణ మాకు అవసరపడలేదు.

జరిమానా మొదటిసారి నామమాత్రంగా ఉండాలి. 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ ప్రపంచమంతా ఇలాంటి ఉమ్మడి వనరులను చూసి చెప్పిన సంగతుల్లో ఇదొకటి: నిలిచిన చోటల్లా శిక్ష చిన్నదిగా మొదలై తప్పు పెరిగే కొద్దీ పెరిగింది. మా దగ్గర మొదటిసారి అందరికీ టీ, రెండోసారి ఒక వంతు కోత, మూడోసారి మాత్రమే డబ్బు. మూడేళ్లలో మూడోసారి దాకా వెళ్లినవారు ఒక్కరే. ఆ ఒక్కరు మా మేనమామ. "ఒరే, నీకు తూము అప్పగించింది నా మీద జరిమానా వేయడానికా?" అన్నాడు. కట్టాడు.

కరవు ఏడాదికి ముందే రాసి పెట్టుకోవలసిన వరుస

వాన సగానికి పడిపోతే ఏది ముందు ఆగాలో నీళ్లున్న ఏడాదే రాసుకోవాలి. మా పుస్తకంలో ఉన్న వరుస ఇది: ముందు వరి మళ్లు ఆగుతాయి, తర్వాత ఎకరన్నరకు పైబడిన మిర్చి, తర్వాత ఎకరన్నరలో సగం మిర్చి, ఆపైన శనగకు రెండో తడి. పశువుల తొట్టెకూ తాగునీటి చెరువుకూ కోత లేదు. ఎండబెట్టుకున్న రైతుకు మిగిలినవారు ఎకరానికి ఇంత అని ధాన్యమో డబ్బో ఇవ్వాలి. ఆ మొత్తం ఎంతన్నది మాత్రం ఏటా దసరా సమావేశంలో కొత్తగా తేలుస్తాము, ఎందుకంటే మిర్చి ధర ఏటా ఒకేలా ఉండదు.

ఆ పుస్తకం రెండు ప్రతులు. ఒకటి నీరుగట్టు దగ్గర, రెండోది తూముకు అందరికన్నా దూరంగా పొలం ఉన్నవారి ఇంట్లో.